నాలుగున్నర నిమిషాల వంకర

బస్సు డిపోలో అందరూ ఆమెను టైమక్క అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది, దానితో ఎవరికీ పెద్దగా పని పడేది కాదు. ఉద్యోగం టైమ్‌కీపరు. ఏ బస్సు ఎన్నింటికి బయల్దేరిందీ, ఎన్నింటికి తిరిగొచ్చిందీ రిజిస్టర్లో రాయడం, వేళ మించుతున్నా టీ గ్లాసు వదలని డ్రైవర్ని విజిలూది లేపడం. పదకొండేళ్లుగా అదే పని. ఇంతా చేసి ఆమె చేతికి గడియారం ఉండేది కాదు. పెళ్ళినాటిది ఎప్పుడో ఆగిపోయింది, బాగుచేయించుకోలేదు.

"ఎదురుగా అంత గడియారం ఉండగా చేతికి ఇంకొకటెందుకు? రెండూ రెండు మాటలు చెప్తే నేనెవర్ని నమ్మను?" అనేది.

ఆ గడియారం వర్క్‌షాపు షెడ్డు గోడకి రెండు నిలువుల ఎత్తున ఉండేది. సైకిలు చక్రమంత. ముందున్న అద్దం ఏనాడో పగిలిపోవడంతో ముళ్లు రెండూ గాలికే ఉండేవి. టైమక్క గది కిటికీలోంచి చూస్తే ఎడమవైపు బస్సులు బయల్దేరే ఆవరణ, కుడివైపు షెడ్డు, రెంటికీ కనపడేలా ఆ గడియారం. సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి మేనేజరు గదిలో రేడియో పెట్టించి, టైం చెప్పే బీప్ వినపడగానే గుమ్మంలోంచి చెయ్యి ఊపేది. నిచ్చెన మీదున్న మెకానిక్కు పెద్ద ముల్లు సరిచేసేవాడు. వారానికి అర నిమిషం మించి తేడా వచ్చేది కాదు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతులో, బడిలో పిల్లలకి మంచి మార్కులొచ్చిన తల్లి గొంతులో ఉండే తృప్తి ఉండేది.

నలభై ఆరో ఏట ఆమె సాయంకాలం కాలేజీలో సైన్సు కోర్సులో చేరింది. ఎందుకంటే ఊరికే అనేది. ఊరికే కాదు. పద్దెనిమిదేళ్లప్పుడు ఫిజిక్సు ప్రాక్టికల్ పరీక్ష తప్పింది. అందరిలాగే తనూ పక్కింటి అమ్మాయి రికార్డు చూసి తన రికార్డు నింపుకుంది. పరీక్షకొచ్చినాయన లోలకం ప్రయోగం దగ్గర వేలు పెట్టి, "ఈ అంకె ఎలా వచ్చింది?" అని అడిగాడు. ఆమె నోరు పెగల్లేదు. ఆయన తిట్టలేదు. రికార్డు మూసి పక్కన పెట్టాడు, అంతే. ఆ మూసిన చప్పుడు ఇరవై ఎనిమిదేళ్లుగా ఆమె వెంటే ఉంది.

క్లాసులో పిల్లలు ఆమెను ఆంటీ అనేవారు. పాఠం చెప్పే లెక్చరరుకి కూడా పాతికేళ్లు దాటలేదు. ఆంటీ మొదటి బెంచీలో కూర్చుని అడిగిందల్లా అడిగేది. పొద్దున్న సరిగా ఉన్న టైరు మధ్యాహ్నానికి ఎందుకు బిగుస్తుంది? వానలో బస్సు అద్దానికి లోపలివైపు ఎందుకు ఆవిరి పడుతుంది? సాయంత్రం విన్నది మర్నాడు పొద్దున్న డిపోలో వడ్డించేది. టీ తాగుతున్న క్లీనరు దగ్గరికి వెళ్లి, ఆ టీ గ్లాసులో కంటే సాసరులో ఎందుకు తొందరగా చల్లారుతుందో చెప్పేది. వినేసరికి వాడి టీ రెంట్లోనూ చల్లారిపోయేది.

ఒక సాయంత్రం లెక్చరరు సూర్యుడి గురించి చెప్పింది. గడియారం పన్నెండు కొట్టేటప్పుడు సూర్యుడు ప్రతిరోజూ ఒకే చోట ఉండడు. కొన్ని నెలలు ముందుంటాడు, కొన్ని నెలలు వెనకబడతాడు.

టైమక్క చెయ్యెత్తింది. "ఎంత వెనక, మేడం?"

"ఫిబ్రవరిలో పద్నాలుగు నిమిషాల దాకా. నవంబరులో అయితే పదహారు నిమిషాలు ముందు."

"రోజూనా?"

"ప్రతి ఏడూ అంతే."

టైమక్క పెన్ను బెంచీ మీద పెట్టింది. తరవాత, "రెండు నిమిషాలు లేటయిందని డ్రైవర్ల చేత సంజాయిషీ రాయించాను పదకొండేళ్లు," అంది. "పైనున్నాయన్ని అడిగే నాథుడే లేడన్నమాట." క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

ఏడాది చివర ప్రతి విద్యార్థీ సొంతంగా చేసిన పరిశీలన ఒకటి చూపించాలి. అది నెగ్గితేనే కోర్సు నెగ్గినట్టు. లెక్చరరు ఒక దారి చెప్పింది. ఎత్తయిన కప్పుకి చిన్న చిల్లుంటే దానిలోంచి ఎండ బిళ్ళ నేల మీద పడుతుంది. రోజూ ఒకే టైంకి ఆ బిళ్ళ నడుమ చుక్క పెట్టుకుంటూ పోతే ఏడాదికి ఆ చుక్కలన్నీ కలిసి ఎనిమిది అంకె అవుతాయి. సూర్యుడి ఎత్తుపల్లాలు ఆ అంకె పొడుగు, అతని ముందువెనకలు దాని వెడల్పు.

"మీకెవరికైనా అలాంటి కప్పు దొరుకుతుందా?" అని లెక్చరరు అడిగేసరికి టైమక్క లేచి నిలబడి ఉంది.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్లింది. కప్పురేకులో ఒక బోల్టు ఊడిపోయి ఏడాదైంది. ఇరవై అడుగుల ఎత్తునుంచి టీ గ్లాసు మూతి అంత ఎండ బిళ్ళ నేల మీద పడుతోంది. అయితే నిచ్చెన మీద మేస్త్రి ఉన్నాడు. షెడ్డులో మెకానిక్కులందరికీ పెద్ద అతనే. చేతిలో తారు డబ్బా.

"ఏం చేస్తున్నావు మేస్త్రీ?"

"చూస్తూనే ఉన్నావుగా అక్కా. చిల్లు పూడుస్తున్నా. వానొస్తే సరిగ్గా నా మెడ మీదే పడుతోంది."

"పూడ్చకు. అది నాక్కావాలి."

మేస్త్రి డబ్బా దించి కిందికి చూశాడు. "చిల్లా?"

"చిల్లే."

"ఇంటికి పట్టుకెళ్తావా?"

ఆమె అంతా చెప్పింది. అతను నిచ్చెన మీదే నిలబడి విన్నాడు. సగం దగ్గర తారు గట్టిపడింది.

"అంటే ఏడాది పాటు నేను తడవాలి, నువ్వు పాసవ్వాలి," అన్నాడు చివరికి.

"వానలో ఎండెక్కడ పడుతుంది మేస్త్రీ? వానాకాలం గుడ్డ కుక్కుకో. ఎండ రాగానే తీసెయ్."

అలా ఏప్రిల్ నెల మొదటి గురువారం, షెడ్డు గడియారం పన్నెండు చూపించగానే ఆమె మొదటి చుక్క పెట్టింది. బిళ్ళ చుట్టూ సుద్దతో గీత, నడుమ ఇనుప మొనతో ఒక గాటు, దాని మీద బస్సు నంబర్లు రాసే పసుపు రంగు. నోటుబుక్కులో తేదీ, వారం, ఆకాశం ఎలా ఉందో. ఆ చుక్కకి మాత్రం చుట్టూ ఎర్ర రంగు వేసింది. ఏడాది తిరిగాక ఎండ మళ్లీ అక్కడికే రావాలి.

డిపోకి అది అలవాటైపోయింది. పన్నెండుకి అయిదు నిమిషాలుందనగా ఎవరో ఒకరు, "బండి తియ్యండ్రా, సూర్యుడొస్తున్నాడు," అని కేకేసేవారు. ఆదివారాలు షెడ్డుకి సెలవు గానీ బస్సులకు కాదు, కాబట్టి ఆమె డ్యూటీలోనే ఉండేది. ఆమె సెలవు బుధవారం. ఆ రోజు ఇంటినుంచి నడిచొచ్చి చుక్క పెట్టి వెళ్లిపోయేది. ఆమె భర్త దర్జీ. కుట్టుమిషను ఆపకుండానే, "సెలవు రోజు కూడా సూర్యుడికి విజిలూదాలా?" అనేవాడు. ఆయనే ఆమెకి ఒక కొలత టేపు, రెండు సుద్దముక్కలు ఇచ్చాడు. టేపు తిరిగివ్వలేదని నెలకోసారి గుర్తుచేసేవాడు.

ఎండాకాలం చుక్కలు ఒకదాని వెనక ఒకటి చీమల్లా నడిచాయి. వానాకాలం వారాల తరబడి ఖాళీలు. చలికాలానికి చుక్కలు టైర్ల అర దాకా వెళ్లి, డిసెంబరు చివర్లో వెనక్కి తిరిగాయి. ఇరవై అడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు. పై సున్నా చిన్నది, కింది సున్నా పెద్దది. మెకానిక్కులు ఆ చుక్కల్ని దాటుకుని నడిచేవారు. ఇంజనాయిలు ఒలికితే ముందు చుక్కలు తుడిచి తరవాత నేల తుడిచేవారు. చూడ్డానికొచ్చిన డ్రైవర్లకి మేస్త్రి వివరించేవాడు. వివరణలో సగం తప్పులుండేవి, ఆమె కల్పించుకునేది కాదు.

ఫిబ్రవరి మూడో వారంలో ఆమె చుక్కలన్నీ కొలిచి గ్రాఫు కాగితం మీదికి ఎక్కించింది. అప్పుడు కనపడింది. కింది సున్నా ఒకవైపు నున్నగా వంగి ఉంది. రెండోవైపు జనవరి రెండో వారం దగ్గర ఉన్నట్టుండి బయటికి ఉబ్బింది. ఎనిమిదికి బొజ్జ వచ్చింది.

క్లాసులో చూపిస్తే లెక్చరరు చాలాసేపు చూసింది. "ఇక్కడ కొంచెం అజాగ్రత్త పడ్డట్టున్నారమ్మా," అంది మెల్లగా.

వెనక బెంచీ కుర్రాడు తొంగిచూసి, "దానికేముంది ఆంటీ, ఏ రోజు ఎంత తేడా ఉండాలో పుస్తకంలో పట్టికుందిగా. చూసి దిద్దెయ్యండి," అన్నాడు. మంచికే అన్నాడు.

అజాగ్రత్త అన్న మాట ఆమెకి రెండు రోజులు అన్నం సయించనివ్వలేదు. మేస్త్రిని నిచ్చెనెక్కించి కప్పురేకు కదిలిందేమో చూడమంది. అతను ఎక్కి, చూసి, కదల్లేదన్నాడు. ఇంకేదో చెప్పబోయినట్టు ఆగి, నిచ్చెన మోసుకుని వెళ్లిపోయాడు. చిల్లులోంచి దారానికి నట్టు కట్టి వదిలింది. మొదటి రోజు కూడా ఇలాగే వదిలి, నట్టు ఆగిన చోట వేరే గాటు పెట్టుకుంది; ఇప్పుడూ దాని మీదే ఆగింది. రేకు కదల్లేదు, నేల కదల్లేదు. గడియారమా అంటే, ప్రతి సోమవారం రేడియోతో సరిచూస్తూనే ఉంది, అర నిమిషం తేడా లేదు. ఇక మిగిలింది తన కళ్లే.

శనివారం సాయంత్రం గ్రాఫు కాగితం భర్త కత్తిరించే బల్ల మీద పరిచి కూర్చుంది. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని వచ్చి చూశాడు.

"ఇక్కడ కుట్టు జారింది."

"అదే కదండీ నా ఏడుపు."

"జారడం కాదోయ్. చేతులు రెండు." ఆయన గుండుసూదులు తీసుకుని బొజ్జ లోపల ఒక్కొక్క చుక్క మీదా గుచ్చాడు. "ఇవి చూడు. ఆరు కుట్లు బయటికి, ఒకటి లోపలికి. మళ్లీ ఆరు బయటికి, ఒకటి లోపలికి. లోపలివన్నీ కలిపితే గీత చక్కగా ఉంది. ఒకే మనిషి ఇలా కుట్టడు. ఆరు రోజులు ఒకరు కుట్టారు, ఏడో రోజు ఇంకొకరు."

ఆమె నోటుబుక్కు తెరిచింది. సూది గుచ్చిన చుక్కలు ఒక్కొక్కటే చదివింది. ఆదివారం. ఆదివారం. ఆదివారం. ఒకే ఒకటి మంగళవారం.

"సూర్యుడికి ఆదివారం అని తెలీదండీ," అంది నెమ్మదిగా.

"మరి ఎవరికి తెలుసు?"

తెలిసినవాళ్లు షెడ్డులో పన్నెండుమంది ఉన్నారు. ఆ మంగళవారం తేదీ ఆమెకి గుర్తే. మేస్త్రి మేనకోడలి పెళ్లి. ఆ రోజు అతను సెలవు.

రోజూ పదకొండూ ముప్పావుకి రెండు బస్సులొస్తాయి. వాటి టైం రాసుకోడానికి ఆమె ఆవరణలోకి వెళ్తుంది. సోమవారం ఆమె వెళ్లలేదు. గది తలుపు దగ్గరగా వేసి కిటికీ పక్కన నిలబడింది. రెండు నిమిషాలకి మేస్త్రి షెడ్డు మధ్యలోకి వచ్చాడు. చేతిలో షట్టరు కిందికి లాగే పొడుగాటి కర్ర. అటూ ఇటూ చూసి కర్ర కొసతో పెద్ద ముల్లుని కొంచెం ముందుకి తోశాడు. పళ్లమధ్య ఇరుక్కున్నది తీసుకున్నంత మామూలుగా తోశాడు. కర్ర గోడకి చేర్చి, "బండి తియ్యండ్రా, సూర్యుడొస్తున్నాడు," అని కేకేశాడు.

ఆ గడియారం ప్రకారం పన్నెండవగానే ఆమె వెళ్లి ఎప్పటిలాగే చుక్క పెట్టింది. ఒంటిగంటకి ముందు అదే కర్ర, అదే కొస, ముల్లు వెనక్కి.

అందరూ పనిలోకి వెళ్లాక మేస్త్రి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే వెనకాల నిలబడింది.

"ఎన్నాళ్లనుంచి మేస్త్రీ?"

"ఏది అక్కా?"

"కర్ర."

అతను సబ్బు రెండోసారి రాసుకున్నాడు. చేతుల మీద గ్రీజు ఎప్పుడో పోయింది.

"నెలన్నర. మా భోజనం పన్నెండున్నరకి. సరిగ్గా అప్పుడే రెండు రూట్ల డ్రైవర్లూ ఒక్కసారే దిగుతారు. క్యాంటీన్లో ముందు వాళ్లే. మేం వెళ్లేసరికి అడుగున మాడిందే మాకు. నాలుగు నిమిషాలు ముందెళ్తే ఇంత వేడి అన్నం దొరుకుతుంది. నాలుగు నిమిషాలేగా."

"నాలుగున్నర."

మేస్త్రి కుళాయి కట్టేశాడు. "నేను కొలవలేదు. నువ్వెప్పుడు కొలిచావు?"

"చుక్క అయిదంగుళాల పైన పక్కకి పోయింది. నిమిషానికి అంగుళం చిల్లర."

అతను వెనక్కి తిరిగి షెడ్డు నేల వైపు చూశాడు. పది నెలలుగా తను కాపలా కాసిన చుక్కలు తనమీదే చాడీలు చెప్పడం అతనికి ఇంకా అందినట్టు లేదు.

"ఎనిమిదీ పాడైపోతుందని నాకు తెలీదక్కా. ఒట్టు. నువ్వు చిల్లు చూడమన్న రోజు అనుమానమొచ్చింది. చెప్పబోయాను, నోరు రాలేదు."

"ఎనిమిది సంగతి తరవాత. పన్నెండింటి బస్సుకొచ్చే మాస్టారున్నారే, గొడుగాయన, ఆయనకి ఈ నెలలో నాలుగుసార్లు బస్సు తప్పిపోయింది. మీ బస్సు ముందే పోతోందమ్మా అని నా దగ్గరికొచ్చి చెప్పారు. నేనేమన్నానో తెలుసా? మీ చేతి గడియారం బాగుచేయించుకోండి అన్నాను. అందరి ముందూ."

మేస్త్రి తడి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

కాసేపటికి అతనే ఒక ఉపాయం చెప్పాడు. "ఆ నెలన్నర చుక్కలూ ఉలితో చెక్కేసి, సిమెంటు పూసేస్తాం. నువ్వు నీ పట్టిక చూసి ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాం. నీ పరీక్షకి మచ్చుండదు, మా మీదికి మాట రాదు. ఒక్కపూట పని."

ఆమె వెంటనే కాదనలేదు. వరసగా, నున్నగా, పుస్తకంలో బొమ్మలా ఉన్న ఎనిమిది ఒక్క క్షణం ఆమె కళ్లముందు ఆడింది. ఎవరికీ నష్టం లేదు. ఇటు తన కోర్సు నెగ్గుతుంది, అటు పన్నెండుమందికి మెమోలు తప్పుతాయి.

"వద్దు మేస్త్రీ. ఒకసారి చూసి రాసి పాడయ్యాను."

"మరి ఎవరైనా అడిగితే?"

"గడియారంలో తేడా అని రాస్తా. ఎవరివల్లో రాయను. కానీ మొహమ్మీద అడిగితే అబద్ధం చెప్పను. అది నా వల్ల కాదు."

"అయితే ఎవరూ అడక్కూడదని కోరుకోవాలి," అన్నాడు మేస్త్రి.

మర్నాటినుంచి షట్టరు కర్ర టైమక్క గదిలో ఉండేది. షట్టరు వెయ్యాలంటే వచ్చి అడిగి పట్టుకెళ్లేవారు. చుక్కలు మళ్లీ దారిలో పడ్డాయి. మెకానిక్కులు మళ్లీ మాడిన అన్నం తిన్నారు. మేస్త్రి మాత్రం పన్నెండుకి అయిదు నిమిషాల ముందే గడియారం కింద నిలబడి, దగ్గరికొచ్చిన ప్రతివాడినీ అనుమానంగా చూసేవాడు.

ఏప్రిల్లో మళ్లీ అదే తేదీ వచ్చింది, ఈసారి శుక్రవారం. ఆ రోజు లెక్చరరు డిపోకే వచ్చి మార్కులేస్తానంది. క్లాసు పిల్లలు పదిమంది దాకా వెంటొచ్చారు. వాళ్ల సందడి విని మేనేజరు కూడా షెడ్డులోకి వచ్చాడు. ఆయన మంచివాడే. కాకపోతే ఏది కనపడినా ఇదేమిటని అడిగే అలవాటు ఉంది. ఆయన్ని చూడగానే మేస్త్రి టోపీ కళ్ల మీదికి లాక్కున్నాడు.

పొద్దున్నుంచీ మబ్బు. పదకొండున్నరకి రేడియో పెట్టించి గడియారం మరొకసారి సరిచూశారు. పన్నెండుకి మూడు నిమిషాలుందనగా కూడా నేల మీద ఎండ లేదు. మెకానిక్కులు కప్పు వైపు చూస్తూ నిలబడ్డారు.

"ఇవాళే లేటు," అన్నాడు వెనక బెంచీ కుర్రాడు.

"సంజాయిషీ రాయించండి అక్కా," అన్నాడొక మెకానిక్కు.

ఒక నిమిషముందనగా నేల మీద మసగ్గా ఏదో వెలిగింది. ముందు మరక లాగా, తరవాత బిళ్ళ లాగా. బిళ్ళ నెమ్మదిగా జరుగుతూ ఎర్ర గీత లోపలికి వచ్చింది. పెద్ద ముల్లు పన్నెండు మీదికి చేరగానే టైమక్క మోకాళ్లమీద వంగి నడుమ గాటు పెట్టింది.

నిరుటి చుక్క మీద కాదు. దానికి చిటికెనవేలి గోరంత ఇవతల.

"అయ్యో, తప్పింది ఆంటీ," అంది ఒక అమ్మాయి.

"తప్పలేదు," అంది టైమక్క లేవకుండానే. "ఏడాదంటే మూడువందల అరవై అయిదు రోజుల మీద పావు రోజు. ఆ పావు రోజు నడక ఇంకా మిగిలుంది. అది ఈ గోరంత." తలెత్తి లెక్చరరు వైపు చూసింది. "అంతేనా మేడం?"

లెక్చరరు వంగి టేపుతో కొలిచింది. తన పుస్తకంలో ఏదో రాసుకుంది. "అంతే," అంది. ఆమె మొహంలో నవ్వు దాచినా దాగలేదు.

తరవాత ఆమె ఎనిమిది చుట్టూ మెల్లగా నడిచింది. పక్కనే మేనేజరు, చేతులు వెనక్కి కట్టుకుని. బొజ్జ దగ్గర లెక్చరరు ఆగింది. అక్కడ నేలమీద చిన్న అక్షరాలతో రాసి ఉంది: ఈ వంకర సూర్యుడిది కాదు. గడియారంలో తేడా. నాలుగున్నర నిమిషాలు.

"లోపలున్నవి ఆదివారాలని నోటుబుక్కులో చూశాను," అంది లెక్చరరు. తరవాత ఒక చుక్క మీద వేలు పెట్టింది. "ఇదొక్కటి మంగళవారం. ఇది ఎందుకు లోపలుంది?"

టైమక్కకి ఆ వేలు తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ల కిందట లోలకం అంకె మీద ఆగిన వేలే. అప్పుడు జవాబు తెలీక నోరు రాలేదు. ఇప్పుడు జవాబు తెలిసి నోరు రావడం లేదు. చెప్తే పన్నెండుమంది. చెప్పకపోతే రికార్డు మళ్లీ మూతపడుతుంది.

"ఆ రోజు," అంది. ఆగింది. "ఆ రోజు గడియారం సరిగా ఉంది మేడం."

"ఆ ఒక్క రోజే ఎందుకు సరిగా ఉంది?"

టైమక్క నోరు తెరిచేలోపు వెనకనుంచి మేస్త్రి గొంతు వినపడింది.

"ఆ రోజు నేను లేనండి. మా మేనకోడలి పెళ్లికెళ్లాను."

మేనేజరు తిరిగి చూశాడు. "నువ్వు పెళ్లికెళ్తే గడియారానికేమిటయ్యా?"

మేస్త్రి ముందుకొచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఆ బొజ్జ ఎనిమిదిది కాదు సార్. మాది."

కర్ర సంగతి, క్యాంటీను సంగతి, మాడిన అన్నం సంగతి అంతా చెప్పాడు. ఒక్కటీ దాచలేదు. క్లాసు పిల్లలు ముందు ఊపిరి బిగబట్టి విన్నారు, మాడిన అన్నం దగ్గరికొచ్చేసరికి ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు నవ్వలేదు. నేలమీది బొజ్జని, గోడమీది గడియారాన్ని మార్చి మార్చి చూశాడు.

"నాలుగు నిమిషాలు ముందుకి తోసుకుని తినేవాళ్లన్నమాట."

"నాలుగున్నర సార్," అంది టైమక్క. అని నాలిక కరుచుకుంది.

అప్పుడు నవ్వాడు మేనేజరు. నవ్వొచ్చినందుకు కొంచెం విసుక్కున్నట్టు మొహం తుడుచుకుని, "నువ్వు సాయంత్రం నా గదికి రా," అన్నాడు మేస్త్రితో. సాయంత్రం అతని చేత సంజాయిషీ రాయించాడు. గడియారానికి ఆ వారంలోనే కొత్త అద్దం బిగింపించాడు. షెడ్డు భోజనం టైం పన్నెండుంపావుకి మార్చి క్యాంటీను గోడ మీద కాగితం అంటించాడు. ఇక డ్రైవర్లు మాడిందే మిగిలిందని రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారు. అది వేరే సంగతి.

లెక్చరరు వెళ్లేముందు టైమక్క నోటుబుక్కు తీసుకుని చివరి పేజీలో మార్కులేసి సంతకం పెట్టింది. ఆమె దాన్ని మూసి ఇవ్వలేదు. అలాగే తెరిచి ఇచ్చింది. టైమక్క నిలబడి అంకె రెండుసార్లు చదువుకుంది. తరవాత మేస్త్రి చదివాడు, అతని దగ్గర్నుంచి చేతులు మారి క్లీనరు దాకా వెళ్లి గ్రీజు వేలిముద్రతో తిరిగొచ్చింది. రాత్రి భర్త ఆ ముద్ర చూసి, ఇదెవరి సంతకం అని అడిగాడు. టేపు సంగతి కూడా అడిగాడు.

మర్నాడు పన్నెండింటి బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఇంజను వేసుకుని ఉంది. గొడుగు మాస్టారు అయిదు నిమిషాల ముందే వచ్చి, కిటికీ పక్క సీట్లో కూర్చుని, ఎవరి వైపూ చూడకుండా ఉన్నారు. రోజూ ముందే రావడం అలవాటు చేసుకున్నారు. టైమక్క విజిలు జేబులో వేసుకుని బస్సెక్కింది. అందరికీ వినపడేలా చెప్పింది.

"మాస్టారూ, మీ గడియారం సరిగానే ఉంది. నెలన్నర మాదే ముందుకి పరిగెత్తింది. ఆ రోజు నేనన్న మాట తప్పు."

మాస్టారు ఆమె వైపు, తన చేతి వైపు చూసుకున్నారు. "బాగుచేసేవాడికి ఇచ్చొచ్చానమ్మా. నువ్వు చెప్పావు కదా అని. అప్పట్నుంచీ వచ్చే సోమవారం, వచ్చే సోమవారం అంటున్నాడు."

మణికట్టు మీద పట్టీ ఉన్న చోట తెల్లటి మచ్చ మాత్రమే ఉంది.

"సోమవారం దాకా ఇక్కడ చూసుకోండి," అని ఆమె షెడ్డు గోడ వైపు చూపించింది. తరవాత కిందికి దిగి, పెద్ద ముల్లు పన్నెండు మీదికి వచ్చేదాకా ఆగి, విజిలూదింది.